ఇంట్లోనే బ్రేక్ పైపు మార్చి గాలి తీశాం: స్టీల్ బ్రెయిడెడ్ లైన్‌తో నిజంగా ఏం మారుతుంది?

బైక్‌కి స్టాండ్ వేసి, ముందు బ్రేకు లివర్‌ని రెండు వేళ్లతో గట్టిగా నొక్కి పట్టుకోండి. ఆ పైపులో ఎంత ప్రెషర్ పుడుతోందో ఎప్పుడైనా లెక్కేశారా? మీ వేళ్ల బలం 100 న్యూటన్లు అనుకుందాం. అంటే పది కిలోల బియ్యం సంచి ఎత్తేంత. లివర్ రేషియో ఆరు రెట్లయితే మాస్టర్ సిలిండర్ పిస్టన్ మీద 600 న్యూటన్లు పడతాయి. ఆ పిస్టన్ వ్యాసం 12.7 మిల్లీమీటర్లయితే, దాని ముందున్న ఆయిల్‌లో పుట్టే ప్రెషర్ దాదాపు 47 బార్. మనం టైర్లో కొట్టించే గాలి రెండు బార్ చిల్లర. ఇరవై రెట్లకు పైనే అన్నమాట. దాన్నంతా మోస్తున్నది చిటికెన వేలంత లావున్న ఒక రబ్బరు పైపు.

ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించి రాసే చోట ఈ గోలేంటి అనుకోకండి. స్క్రూడ్రైవర్ సెట్ కొనుక్కుని పాత ల్యాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డీ మార్చుకునేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. బ్రేక్ పైపు మార్చడం కూడా అలాంటి పనే. కాకపోతే అక్కడ తేడా వస్తే బూట్ అవ్వదు, ఇక్కడ తేడా వస్తే బండి ఆగదు. ఆ ఒక్క తేడా మనసులో పెట్టుకుని చదవండి.

మా ఇంట్లో ఉన్నది 2016 మోడల్ 150 సీసీ బైక్. ముందు సింగిల్ డిస్క్, వెనక డ్రమ్ము, ఏబీఎస్ లేదు. మన దగ్గర 125 సీసీ దాటిన బండ్లకి ఏబీఎస్ తప్పనిసరి అయింది కొత్త మోడళ్లకి 2018 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్ముతున్నవాటికి 2019 ఏప్రిల్ నుంచి. అంతకుముందు కొన్న లక్షల బండ్ల లాగే మాదీనూ. ఉండేది విశాఖలో. చెల్లికి అరకు వైపు ఉద్యోగం వచ్చింది, బండి తనకి ఇచ్చేయాలి. ప్రతి శనివారం ఘాట్ దిగి ఇంటికి రావాలి, ఆదివారం సాయంత్రం ఎక్కి వెళ్లాలి. లివర్ నొక్కితే స్పాంజిలా మెత్తగా దిగుతోంది. సిటీలో ఫరవాలేదు అనిపించే బ్రేకు ఘాట్‌లో ఎలా ఉంటుందో లెక్కేసి చూస్తే భయమేసింది.

ఆ లెక్క చూడండి. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. బండి, చెల్లి, బ్యాగు కలిపి 215 కిలోలు వేసుకుంటే, అంత ఎత్తు నుంచి కిందికి దిగేటప్పుడు వదిలించుకోవాల్సిన శక్తి దాదాపు 19 లక్షల జూల్స్. మన భాషలో చెప్పాలంటే 5,000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలు 27 నిండుగా చార్జ్ చేస్తే ఎంతో అంత. ఆరు లీటర్ల నీళ్లు మరిగించొచ్చు. అందులో కొంత ఎదురుగాలి తీసుకుంటుంది, గేర్‌లో దిగితే కొంత ఇంజిన్ మింగుతుంది. మిగతాదంతా డిస్కు, ప్యాడ్లు, కాలిపర్, వాటి వెనకున్న కాస్త ఆయిల్ భరించాల్సిందే.

అసలు దొంగ పైపా, ఆయిలా?

బ్రేక్ ఆయిల్ అని అందరం అంటాం గానీ అది నూనె కాదు. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 ఇవన్నీ గ్లైకాల్ రకం ద్రవాలు. వీటికి ఒక గుణం ఉంది: గాలిలో తేమని పీల్చుకుంటాయి. వర్షాకాలంలో మూత తీసిన ఉప్పు డబ్బా గుర్తు తెచ్చుకోండి. రిజర్వాయర్ మూత ఎంత బిగించినా రబ్బరు పైపు గోడల్లోంచి కూడా తేమ మెల్లమెల్లగా లోపలికి వెళ్తూనే ఉంటుంది. సముద్రం పక్కన ఊళ్లో అయితే ఇక చెప్పేదేముంది.

తేమ చేరితే ఏమవుతుంది? మరిగే ఉష్ణోగ్రత పడిపోతుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు అని ప్రమాణం. అదే ద్రవంలో 3.7 శాతం నీరు చేరాక ప్రమాణం 155 డిగ్రీలు. డాట్ 3కి ఈ అంకెలు 205, 140. డాట్ 5.1కి 260, 180. ఘాట్‌లో బ్రేకు పట్టుకునే దిగితే కాలిపర్ దగ్గర పాత ఆయిల్ మరిగే స్థితికి రావచ్చు. ద్రవం మరిగితే ఆవిరి. ఆవిరి అంటే గాలి బుడగలాంటిదే, నొక్కితే కుంచించుకుపోతుంది. లివర్ హ్యాండిల్‌కి తగులుతుంది, బండి మాత్రం పోతూనే ఉంటుంది. కాసేపు ఆగి చల్లారాక చూస్తే బ్రేకు మళ్లీ మామూలుగా ఉంటుంది. అందుకే ఇలాంటివి జరిగినప్పుడు మెకానిక్‌కి చూపిస్తే "బాగానే ఉంది కదా బాబూ" అంటాడు. ఆయన తప్పేం లేదు, ఆ టైంకి బాగానే ఉంటుంది మరి.

గాలి బుడగ ఎంత చేటు చేస్తుందో కూడా చూద్దాం. 12.7 మిల్లీమీటర్ల పిస్టన్ 10 మిల్లీమీటర్లు ముందుకి జరిగితే తోసే ఆయిల్ 1.27 మిల్లీలీటర్లు. అంతే. ఇప్పుడు పైపులో ఎక్కడో అర మిల్లీలీటరు గాలి ఇరుక్కుందనుకోండి. శనగగింజ కంటే పెద్దదేం కాదు. ప్రెషర్ 47 బార్‌కి వెళ్లేసరికి ఆ గాలి దాదాపు మాయమయ్యేంత చిన్నదైపోతుంది. ఆ ఖాళీని నింపడానికే మన స్ట్రోక్‌లో సుమారు 40 శాతం ఖర్చయిపోతుంది. గాలి తీయడం అనే పని మీద అంత పట్టుదల ఎందుకో ఈ ఒక్క లెక్క చాలు.

ఇక పైపు సంగతి. రబ్బరు హోస్ లోపల దారాల అల్లిక ఉంటుంది, కొత్తగా ఉన్నప్పుడు బాగానే తట్టుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి, వంపుల దగ్గర సన్నటి పగుళ్లు వస్తాయి. చాలా జపాన్ కంపెనీల మాన్యువళ్లలో ఆయిల్ రెండేళ్లకి, హోస్ నాలుగేళ్లకి మార్చమని రాసి ఉంటుంది. ఆ పేజీ చదివినవాళ్లు ఎంతమంది ఉంటారో నాకు తెలీదు గానీ, మార్చినవాళ్లని మాత్రం నేను మా వీధిలో చూడలేదు.

స్టీల్ బ్రెయిడెడ్ లైన్ అంటే లోపల పీటీఎఫ్‌ఈ గొట్టం, అంటే నాన్‌స్టిక్ పెనం మీద పూతకి వాడే పదార్థమే. దాని చుట్టూ స్టెయిన్‌లెస్ స్టీల్ తీగల అల్లిక, పైన ప్లాస్టిక్ తొడుగు. ప్రెషర్‌కి దాదాపు ఉబ్బదు, తేమని కూడా రబ్బరంత సులువుగా లోపలికి రానివ్వదు. కాబట్టి మీరు లివర్ మీద పెట్టిన బలం ప్యాడ్లకి నేరుగా చేరుతుంది.

కొలిచి చూశాం

యూట్యూబ్‌లో "బ్రెయిడెడ్ లైన్ వేశాక బ్రేకింగ్ డబుల్ అయింది" అనేవాళ్లని నమ్మొద్దు. బండి ఎంత దూరంలో ఆగుతుందో చివరికి తేల్చేది టైరు పట్టు. మీ పాత బ్రేకు చక్రాన్ని లాక్ చేయగలిగితే కొత్త పైపు కొత్తగా ఆపేదేమీ ఉండదు. మారేది ఫీల్. ఫోన్‌లో టచ్ సాంప్లింగ్ రేట్ లాంటిది అనుకోండి. అది పెరిగితే ప్రాసెసర్ వేగం పెరగదు, కానీ వేలికి తేడా తెలుస్తుంది. ఏబీఎస్ లేని బండిలో, తడి రోడ్డు మీద, టైరు జారబోయే అంచు వేలికి తెలియడం చిన్న విషయం కాదు.

ఎంత తేడా వస్తుందో తెలుసుకోవాలని రెండు దశల్లో చేశాం. లగేజీ తూచే డిజిటల్ కొక్కెం త్రాసుతో లివర్ చివర 10 కిలోల బలంతో లాగి, లివర్ కొస ఎన్ని మిల్లీమీటర్లు కదిలిందో స్కేలుతో కొలిచాం. ఫోన్ స్లో మోషన్‌లో పెట్టి వీడియో తీశాం, త్రాసు అంకె, స్కేలు ఒకే ఫ్రేములో పడేలా. పాత పైపు, పాత ఆయిల్: 46 మిల్లీమీటర్లు. పాత పైపు అలాగే ఉంచి ఆయిల్ మార్చి గాలి తీశాక: 35. బ్రెయిడెడ్ లైన్ వేసి మళ్లీ గాలి తీశాక: 31.

అంటే వచ్చిన లాభంలో మూడొంతుల దాకా ఆయిల్, గాలి తీయడం వల్లే. పైపు వల్ల వచ్చింది మిగతా ఒక వంతు. ఇది ఒక్క బండి లెక్కే, మీ దాంట్లో వేరేగా రావచ్చు. కానీ బడ్జెట్ తక్కువైతే ముందు ఏది చేయాలో చెప్పడానికి నాకిది సరిపోయింది: 200 రూపాయల ఆయిల్ సీసా. మీ హోస్‌కి పగుళ్లు లేకపోయి, నాలుగైదేళ్ల లోపుదైతే అక్కడితో ఆగిపోయినా నష్టమేం లేదు.

కొనేటప్పుడు

పైపు నాకు 1,900 పడింది. ఆన్‌లైన్‌లో 500కి కూడా దొరుకుతాయి. చూడాల్సింది చివర్ల దగ్గర క్రింపింగ్. పైపుని ఇత్తడి లేదా స్టీల్ ఫిట్టింగ్‌లో నొక్కి బిగించిన చోటు నీట్‌గా, ఒకే తీరుగా ఉండాలి. హోస్ మీద డాట్ లేదా ఎస్ఏఈ జే1401 అన్న ముద్ర ఉందా చూడండి. ముద్ర లేని పైపుకి 47 బార్ అప్పగించడం నాకైతే ఇష్టం లేదు, ఎంత చవకైనా సరే.

పొడవు కొలిచేటప్పుడు హ్యాండిల్‌ని రెండు వైపులా పూర్తిగా తిప్పి, ముందు చక్రం గాల్లో వేలాడేలా లేపి, ఫోర్కు పూర్తిగా సాగినప్పుడు కొలవాలి. స్టాండ్ మీద ఉన్నప్పుడు సరిపోయిన పైపు స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు లాగేస్తుంది. చివర్లలో ఉండే బోల్టుని బ్యాంజో బోల్ట్ అంటారు, దాని గుండా ఆయిల్ పారుతుంది. మరలు రెండు రకాలుగా వస్తాయి: 10 మిల్లీమీటర్ల బోల్టులోనే 1.0 పిచ్, 1.25 పిచ్. బ్రెంబో కుటుంబం కాలిపర్లకి ఎక్కువగా మొదటిది, నిస్సిన్ లాంటి జపాన్ రకాలకి రెండోది. చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఒకటి బదులు ఇంకోటి తిప్పితే రెండు మూడు చుట్లు ఎక్కి ఆగిపోతుంది, బలవంతం చేస్తే కాలిపర్ మర పోతుంది. పాత బోల్టు తీసి పక్కన పెట్టి పోల్చాకే కొత్తది పెట్టండి.

రాగి వాషర్లు నాలుగు కొత్తవి కావాలి, ప్రతి బ్యాంజోకి రెండు వైపులా ఒక్కోటి. పాతవి చూడ్డానికి బాగానే ఉంటాయి. కానీ అవి ఒకసారి నలిగి ఆ చోటికి తగ్గట్టు ఆకారం తీసుకున్నాయి, మళ్లీ మెత్తగా నలగవు. నాలుగూ కలిపి 40 రూపాయలు, అక్కడ కక్కుర్తి వద్దు.

ఆయిల్ కొనడానికి వెళ్తే ఒక షాపులో "డాట్ 4 లేదు, డాట్ 5 తీసుకెళ్లండి, ఇంకా పై రకం" అన్నారు. వద్దు. డాట్ 5 సిలికాన్ రకం, మిగతావాటితో కలవదు. డాట్ 5.1 మాత్రం గ్లైకాల్ రకమే, డాట్ 4 బదులు వాడొచ్చు. పేర్లు పెట్టినవాళ్లకి దండం పెట్టాలి, యూఎస్‌బీ 3.2 జెన్ 2 వాళ్లకి వీళ్లు అన్నయ్యలు. రిజర్వాయర్ మూత మీద ఏది రాసుంటే అది, సీల్ తీయని సీసా, అంతే.

మిగతా సామాను ఇంట్లోనే దొరుకుతుంది. బ్లీడ్ నిపుల్‌కి 8 నంబర్ రింగు పానా, బ్యాంజోకి 12 నంబర్ సాకెట్, చేపల తొట్టెకి గాలి పంపే పారదర్శక ట్యూబు, గాజు సీసా, మెడికల్ షాపులో 50 మిల్లీలీటర్ల సిరంజి, గ్లవ్స్, కళ్లద్దాలు. టార్క్ రెంచ్ లేకపోతే అద్దెకో అరువుకో తెచ్చుకోండి.

పని మొదలు

బ్రేక్ ఆయిల్‌కి పెయింట్ అంటే మహా ఇష్టం, తినేస్తుంది. ట్యాంకు మీద పాలిథిన్ షీట్, దాని మీద పాత దుప్పటి కప్పండి. పక్కన బకెట్‌తో నీళ్లు, గుడ్డ ఉంచుకోండి. ఎక్కడ చుక్క పడినా వెంటనే నీళ్లతో కడిగేయాలి. ఇది నీళ్లలో కలిసిపోతుంది కాబట్టి సులువే, ఆలస్యం చేస్తేనే ఇబ్బంది. పాత పైపు ఎక్కడెక్కడ క్లిప్పుల్లోంచి వెళ్తోందో విప్పకముందే నాలుగు ఫొటోలు తీసుకోండి.

హ్యాండిల్ తిప్పి రిజర్వాయర్ సమంగా ఉండేలా పెట్టి, మూత చుట్టూ దుమ్ము తుడిచి, స్క్రూలు విప్పాలి. ఈ స్క్రూలు ఒక పెద్ద తలనొప్పి. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ వీటిలో సరిగ్గా కూర్చోదు, ఎందుకంటే చాలావరకు ఇవి జేఐఎస్ అనే జపాన్ రకం గాడి. ఆ బిట్టు దొరికితే మంచిది. లేకపోతే ఉన్నదాన్ని గాడిలో పెట్టి వెనక నుంచి సుత్తితో రెండు మెల్లటి దెబ్బలు వేసి, గట్టిగా కిందికి నొక్కి తిప్పండి.

లోపలి ఆయిల్ మాది చిక్కటి డికాక్షన్ రంగులో ఉంది. కొత్తది లేత తేనె రంగు. చెల్లి చూసి "అన్నయ్యా, ఇన్నాళ్లూ దీంతోనా తిరిగింది?" అంది. సిరంజితో దాన్ని తోడేసి, అడుగున బురద ఉంటే పొడిగుడ్డతో తుడిచాం. తర్వాత కాలిపర్ కింద గిన్నె పెట్టి రెండు బ్యాంజోలు విప్పితే పాత పైపు చేతికొచ్చేసింది. ఒకటి గుర్తుంచుకోండి: పైపు ఊడి ఉన్నంతసేపూ, ప్యాడ్లు డిస్కు మీద లేనప్పుడూ లివర్ ముట్టుకోవద్దు.

కొత్త పైపు పాత దారిలోనే పోవాలి. తొడుగు లేని స్టీల్ అల్లిక ఆకురాయి లాంటిది, రోజూ ఒకే చోట రాసుకుంటే ట్యాంకు పెయింటే కాదు, అల్యూమినియాన్ని కూడా కోస్తుంది. తొడుగున్న లైనే కొనండి, క్లిప్పుల్లో వదలకుండా బిగించండి. బ్యాంజో బోల్టులు ముందు చేత్తో తిప్పి, హ్యాండిల్ అటూ ఇటూ పూర్తిగా తిప్పి ఎక్కడా లాగట్లేదని చూసుకున్నాకే బిగించాలి. స్టీల్ బోల్టు అయితే చాలా మాన్యువళ్లలో 20 నుంచి 35 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ బండి అంకె మీ మాన్యువల్లోదే తీసుకోండి. చెయ్యి లెక్కన బిగిస్తే లీక్ అన్నా అవుతుంది, మర అన్నా పోతుంది.

గాలి తీయడం, అసలు కథ ఇదే

మామూలు పద్ధతి అందరికీ తెలిసిందే: పైన లివర్ కొడుతూ, కింద నిపుల్ విప్పుతూ ఆయిల్‌ని కిందికి తోయడం. ఖాళీ పైపుకి ఇది మహా నిదానం. గాలి పైకి పోవాలనుకుంటుంది, మనం కిందికి తోస్తుంటాం. కొట్టీ కొట్టీ చెయ్యి పడిపోతుంది, లివర్‌లో బలం మాత్రం రాదు. అందుకే మొదటిసారి నింపేటప్పుడు కింద నుంచి పైకి పంపడం మేలు.

సిరంజిలో కొత్త ఆయిల్ నింపి, ట్యూబు తొడిగి, ట్యూబులో గాలి లేకుండా కొస దాకా ఆయిల్ వచ్చేలా తోయాలి. దాన్ని కాలిపర్ నిపుల్‌కి తొడిగి, నిపుల్ పావు చుట్టు విప్పి మెల్లగా తోయండి. మీటరు పొడవున్న సన్నటి లైన్‌లో పట్టేది దాదాపు 8 మిల్లీలీటర్లే, రెండు చిన్న చెంచాలు కూడా కాదు. కాలిపర్ లోపలి ఖాళీకి ఇంకాస్త. చెల్లి పైన టార్చ్ వేసి చూస్తోంది. ముందు బుడబుడమని గాలి, ఆ తర్వాత చిన్న బుడగలు, ఆ తర్వాత తేటగా ఆయిల్. రిజర్వాయర్ పొంగిపోకుండా చూడ్డమే పైనున్నవాళ్ల డ్యూటీ. నిపుల్ మూసేసి సిరంజి తీశాం. పది నిమిషాల్లో లివర్‌కి సగం బలం వచ్చేసింది.

ఆ తర్వాత మామూలు పద్ధతి. ట్యూబు కొస గాజు సీసాలో కాస్త ఆయిల్‌లో మునిగి ఉండాలి. ఇద్దరి మధ్య మాటలు ముందే అనుకోండి. మావి మూడే: "నొక్కు", "మూశా", "వదులు". తను నొక్కి పట్టుకుంటుంది, నేను నిపుల్ పావు చుట్టు విప్పుతాను, లివర్ దిగుతుంది, నేను మూసి "మూశా" అన్నాకే తను వదలాలి. మూయకముందే వదిలితే సీసాలోంచి వెనక్కి పీల్చేస్తుంది. పాత మాస్టర్ సిలిండర్లలో లివర్‌ని హ్యాండిల్ దాకా దిగనివ్వకండి. ఎప్పుడూ తిరగని లోపలి భాగంలో తుప్పో మురికో ఉంటుంది, సీలు అక్కడిదాకా వెళ్తే కోసుకుపోతుంది. లివర్‌కీ గ్రిప్‌కీ మధ్య చిన్న చెక్కముక్క అడ్డం పెడితే సరి. ప్రతి నాలుగైదు సార్లకీ రిజర్వాయర్ చూసుకోవాలి. కింది గీత దాటి ఖాళీ అయితే మళ్లీ గాలి లోపలికి, మళ్లీ మొదటికి.

చివర్లో మిగిలే గాలి ఎక్కడుంటుందో తెలుసా? కాలిపర్ దగ్గర కాదు, పైన మాస్టర్ సిలిండర్ బ్యాంజో దగ్గర. సిస్టమ్ మొత్తంలో ఎత్తైన చోటు అదే. అక్కడ చేరిన బుడగ కింద నిపుల్‌లోంచి ఎంత తీసినా రాదు. మూత తెరిచి ఉంచి, లివర్‌ని పూర్తిగా కాదు, ఒక సెంటీమీటరు లోపే చిన్నగా కదుపుతూ ఉండండి. రిజర్వాయర్ అడుగున సన్నటి రంధ్రం నుంచి ఆవగింజంత బుడగలు పైకొస్తాయి. పైపుని పై నుంచి కింద దాకా వేలితో తడుతూ ఉంటే ఇరుక్కున్నవి కూడా కదులుతాయి. మాకు చివరి స్పాంజి అంతా ఇక్కడే పోయింది. ఈ పని మీదే ఇరవై నిమిషాలు పెట్టాం, మొత్తం పనిలో ఇంతకంటే విలువైన ఇరవై నిమిషాలు లేవు.

వ్యాక్యూమ్ పంపు వాడేవాళ్లకి ఒక మాట: బుడగలు ఎంతసేపటికీ ఆగకపోతే కంగారు పడకండి. విప్పిన నిపుల్ మరల చుట్టూ బయటి గాలిని పంపు పీలుస్తూ ఉండొచ్చు. లివర్ గట్టిగా ఉందంటే లోపల గాలి లేనట్టే. రాత్రంతా లివర్‌ని రబ్బరు బ్యాండుతో కట్టేసి ఉంచే చిట్కా కూడా ఉంది, పొద్దున్నే వదిలితే చిన్న బుడగలు పైకొచ్చేస్తాయి. అది చివరి మెరుగు మాత్రమే, గాలి తీయడానికి బదులు కాదు.

రోడ్డెక్కే ముందు

రిజర్వాయర్‌ని పై గీత దాటి నింపొద్దు. వేడికి ఆయిల్ వ్యాకోచిస్తుంది, చోటు లేకపోతే బ్రేకు పట్టేసి ఉంటుంది. మూత బిగించి, నిపుల్‌ని మాన్యువల్ చెప్పినంతే బిగించండి. అది బోలు మర, 8 న్యూటన్ మీటర్లు కూడా చాలా బైకులకి ఎక్కువే. విరిగితే కాలిపర్‌తో పాటు మన ఆదివారం కూడా పోతుంది.

తర్వాత రెండు బ్యాంజోలు, నిపుల్ శుభ్రంగా తుడిచి ఒక్కో చోట టిష్యూ పేపర్ చుట్టండి. లివర్‌ని శక్తికొద్దీ నొక్కి రెండు నిమిషాలు పట్టుకోండి. రెండు విషయాలు చూడాలి: లివర్ మెల్లగా దిగిపోతోందా, టిష్యూ మీద చుక్కంత తడి ఉందా. దిగుతూ ఉండి బయట తడి లేదంటే మాస్టర్ సిలిండర్ సీలు పోయినట్టు, అది వేరే రిపేరు. ఏ ఒక్కటి కనిపించినా బండి కదలకూడదు. మాకు కింది బ్యాంజో దగ్గర సన్నటి తడి కనిపించింది. తుడిచి, కొత్త టిష్యూ చుట్టి మళ్లీ రెండు నిమిషాలు నొక్కితే పొడిగానే ఉంది. గాలి తీసేటప్పుడు జారిన చుక్క అన్నమాట. చెల్లి ఊరుకోలేదు, "మూడోసారి కూడా చూద్దాం, దిగేది నేను కదా" అంది. మూడోసారి కూడా చూశాం.

మొదట ఇంజిన్ ఆన్ చేయకుండా బండిని తోసుకుంటూ బ్రేకు వేయండి. ఆ తర్వాత ఖాళీ వీధిలో నడక వేగం, ఆ తర్వాత 20. తొలి రోజు ఘాట్ వద్దు. 50 కిలోమీటర్లు తిరిగాక టిష్యూ పరీక్ష ఇంకోసారి చేయండి. దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే ఉండకుండా, రెండో గేరులో ఇంజిన్‌తో వేగం ఆపుకుంటూ, అవసరమైనప్పుడు గట్టిగా వేసి వదిలేయాలి. మధ్య మధ్యలో డిస్కు చల్లారడానికి టైం దొరుకుతుంది. ఈ మాట చెల్లికి చెబితే "నాన్నగారు ఎప్పటినుంచో చెప్పేదే కదా" అంది. నిజమే.

ఏబీఎస్ ఉన్న బండి అయితే ఈ పని ఇంట్లో మొదలుపెట్టే ముందు సర్వీస్ మాన్యువల్ చూడండి. ఆయిల్ మార్చడం వరకు చాలావాటిలో ఇబ్బంది ఉండదు. కానీ పైపు విప్పి లోపలికి గాలి పోతే, అది ఏబీఎస్ మాడ్యులేటర్ వాల్వుల్లో ఇరుక్కుంటే, కొన్ని బండ్లలో స్కానర్‌తో పంపు తిప్పితే తప్ప రాదు. అలాంటి బండిని సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి. వారంటీలో ఉన్న బండికి బయటి పైపు వేసేముందు డీలర్‌ని అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోవడం మంచిది. టార్క్ రెంచ్ దొరకనివాళ్లు, నొక్కడానికి రెండో మనిషి లేనివాళ్లు కూడా మెకానిక్ దగ్గరే చేయించుకుని, పక్కన నిలబడి కొత్త సీసా సీల్ తీయడం, కొత్త వాషర్లు వేయడం కళ్లారా చూడండి. మా బండికి మొత్తం ఖర్చు పైపు, ఆయిల్, వాషర్లు, సిరంజి, ట్యూబు కలిపి 2,300 లోపే అయింది, టైము మూడున్నర గంటలు.

తీసిన పాత ఆయిల్‌ని కాలువలో పోయొద్దు, మొక్కల్లో అస్సలు వద్దు. మూతున్న సీసాలో పోసి, పైన పేరు రాసి, వాడేసిన ఆయిల్ తీసుకునే గ్యారేజీలో ఇచ్చేయండి. కొత్త సీసాలో మిగిలింది కూడా వచ్చే ఏడాదికని దాచుకోవద్దు, మూత తీసిన రోజు నుంచే తేమ పీలుస్తుంది. మా సీసాలో సగం మిగిలితే, ఎదురింటి అబ్బాయి బండికి అదే సాయంత్రం ఆయిల్ మార్చేశాం. ఈసారి లివర్ నేను నొక్కాను, పానా చెల్లి పట్టుకుంది.